కాదనే వీలుంచి అడుగుదాం

మొన్న ఒక స్వచ్ఛంద సంస్థ తన వాలంటీర్ల కోసం తయారుచేసుకున్న శిక్షణ కాగితాలు చదివాను. విరాళాలు ఎలా సేకరించాలో చెప్పే కాగితాలు. ముందు ఎవరిని కలవాలి, మాట ఎలా మొదలుపెట్టాలి, రసీదు ఎప్పుడు ఇవ్వాలి, అన్నీ ఓపిగ్గా రాశారు. మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఎదుటివాళ్ళు మూడుసార్లు కాదన్నాకే అక్కడినుంచి కదలండి" అని ఉంది. దాని కింద మొదటిసారి కాదంటే ఏమనాలి, రెండోసారి కాదంటే ఏమనాలి అని రెడీమేడ్ జవాబులు. "ఇప్పుడు కాస్త ఇబ్బందిగా ఉందండీ" అని ఎవరైనా అంటే, "ఇబ్బందులు అందరికీ ఉంటాయండీ, మీకున్నదాంట్లో పదో వంతు కూడా ఆ పిల్లలకి లేదు కదా" అనాలట.

ఇది రాసినవాళ్ళ మీద నాకు కోపం లేదు. లక్ష్యం పెద్దది, గడువు దగ్గర పడుతోంది, వాలంటీర్లలో సగం మంది కొత్తవాళ్ళు, మొదటి "వద్దు" వినగానే తిరిగొచ్చేస్తున్నారు. ఆ టెన్షన్‌లో ఎవరైనా ఇలాంటిదే రాస్తారు. పైగా ఆ సాయంత్రం డబ్బా తెరిచి లెక్క చూసుకుంటే ఇది పనిచేసినట్టే కనిపిస్తుంది కూడా. కానీ ఎన్నో ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఆ మూడో పేజీ చదివాక, చాలాకాలంగా నాలో నలుగుతున్న ఒక అభిప్రాయాన్ని గట్టిగానే చెప్పాలనిపించింది. విరాళం అడగబోయే మనిషికి అన్నిటికంటే ముందు నేర్పాల్సింది, ఎదుటివాళ్ళు మొహమాటపడకుండా "వద్దండీ" అనగలిగేలా అడగడం. మాటకారితనం, పోస్టర్లు, ఈవెంట్లు, క్యూఆర్ కోడ్‌లు అన్నీ దాని తర్వాతే.

రెండో తలుపు

బోస్టన్ దగ్గర ఒక సూపర్‌మార్కెట్లో జేమ్స్ ఆండ్రియోని, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి చేసిన ప్రయోగం ఒకటుంది, 2017లో ప్రచురించారు. అక్కడ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ వాలంటీర్లు క్రిస్మస్ ముందు గంట వాయిస్తూ విరాళాల కోసం నిలబడతారు. వాళ్ళని కొన్నిసార్లు ఒక తలుపు దగ్గరే, కొన్నిసార్లు రెండు తలుపుల దగ్గరా నిలబెట్టారు. కొన్నిసార్లు ఊరికే గంట వాయించమన్నారు, కొన్నిసార్లు వచ్చేవాళ్ళని చూసి "దయచేసి ఇవ్వండి" అనమన్నారు. నోరు తెరిచి అడిగినప్పుడు ఇచ్చేవాళ్ళ సంఖ్య సగానికి పైగా పెరిగింది. అదే సమయంలో, ఎవరూ నిలబడని తలుపు ఇంకొకటి ఉందని తెలిస్తే, దాదాపు మూడోవంతు మంది చుట్టూ తిరిగి ఆ తలుపులోంచి వెళ్ళిపోయారు.

చాలామంది ఇందులో మొదటి సగమే చెప్పి ఊరుకుంటారు. అడిగితే ఇస్తారు, కాబట్టి అడగండి, ఇంకా గట్టిగా అడగండి అని. నిజమే, అడగాల్సిందే, గోడకి పోస్టర్ అంటించి కూర్చుంటే ఎవరూ వెతుక్కుంటూ వచ్చి ఇవ్వరు. కానీ ఆ రెండో తలుపు వైపు నడిచిన మూడోవంతు మంది సంగతేంటి? వాళ్ళందరూ పిసినారులని నేననుకోను. వాళ్ళలో నిన్ననే ఇంకెక్కడో ఇచ్చినవాళ్ళుంటారు, ఈ నెల గడవడమే కష్టంగా ఉన్నవాళ్ళుంటారు, వచ్చే నెల అడిగితే సంతోషంగా ఇచ్చేవాళ్ళూ ఉంటారు. మొహం మీద కాదనలేక దారి మార్చుకున్నారు, అంతే.

నేను పనిచేసిన ఒక చోట ఒక పెద్దాయన ఏటా ఒక మంచి పనికి డబ్బు పోగుచేసేవారు. చేతిలో ఒక కాగితం, అందులో అందరి పేర్లు, ఎదురుగా ఎవరెంత ఇచ్చారో అంకె. సీటు పక్కన నిలబడి, నవ్వుతూనే, కాగితం చూపించేవారు. డబ్బు బాగానే వచ్చేది. కాకపోతే ఆయన కాగితం పట్టుకుని లేచారంటే చాలు, నలుగురైదుగురు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచేవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయికి ఆ ఏడాది ఇంట్లో ఆస్పత్రి ఖర్చులు. చాలాకాలం తర్వాత నాతో అంది, "ఆయన అడిగితే నాకేం బాధ లేదక్కా, అడిగాక అక్కడే నిలబడతారు చూడండి, అదే భరించలేకపోయేదాన్ని." ఆయన అడిగే పని మంచిదని ఆమెకీ తెలుసు. ఉద్యోగం మారాక ఆమె తనంతట తానే వెతుక్కుని మరో సంస్థకి నెలనెలా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆయన కాగితంలో మాత్రం ఆమె పేరు ఎదురుగా గడి చివరిదాకా ఖాళీగానే మిగిలిపోయింది.

నాకు అడ్డొచ్చే లెక్క

ఇప్పుడు నా వాదనకి ఎదురు తిరిగే లెక్క కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడటం న్యాయం కాదు. చికాగో చుట్టుపక్కల ఊళ్ళలో స్టెఫానో డెల్లావిగ్నా, జాన్ లిస్ట్, ఉల్రికె మాల్మెండియర్ అనే ముగ్గురు పరిశోధకులు ఇంటింటికీ విరాళాల సేకరణ మీద ప్రయోగం చేశారు, 2012లో ప్రచురించారు. కొన్ని ఇళ్ళకి ముందురోజు తలుపుకి ఒక చీటీ తగిలించారు, రేపు ఫలానా సమయానికి వస్తాం అని. చీటీ చూసిన ఇళ్ళలో తలుపు తీసేవాళ్ళు 9 నుంచి 25 శాతం తగ్గారు. ఇంకొన్ని చీటీల మీద "మా ఇంటికి రావద్దు" అని టిక్ పెట్టే గడి కూడా ఇచ్చారు. అక్కడ విరాళాలు 28 నుంచి 42 శాతం పడిపోయాయి.

చిన్న తగ్గుదల కాదిది. ఆ డబ్బుతో ఎవరికో మందులు వచ్చేవి, ఎవరిదో ఫీజు కట్టేవాళ్ళు. నా స్నేహితురాలు ఒకామె పిల్లల వైద్యానికి డబ్బు సేకరించే పనిలో ఉంది. నేను ఈ మాట ఎత్తినప్పుడల్లా ఆమె అనేది ఒకటే: "నీకు ఇచ్చేవాళ్ళ మొహమాటం కనిపిస్తోంది, నాకు వార్డులో పిల్లలు కనిపిస్తున్నారు. ఒక మనిషి అరనిమిషం ఇబ్బంది పడితే ఏమవుతుంది?" ఈ ప్రశ్నకి నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఆపద ముంచుకొచ్చినప్పుడు, రేపటికల్లా డబ్బు కావాల్సినప్పుడు, నేను కూడా ఆమె చెప్పినట్టే చేస్తానేమో.

అయినా ఆ అధ్యయనంలోనే ఇంకో రెండు విషయాలున్నాయి. గడి ఇచ్చినందువల్ల పోయిన డబ్బు ఎక్కువగా 10 డాలర్లలోపు విరాళాల్లోనే పోయింది. పెద్దగా ఇచ్చేవాళ్ళు గడి ఉన్నా ఇచ్చారు. అంటే పోయినదాంట్లో చాలాభాగం తలుపు దగ్గర మనిషిని పంపించేయడానికి ఇచ్చే డబ్బు. రెండోది, ఇచ్చినవాళ్ళకి కలిగిన సంతోషాన్నీ, అడిగించుకున్నవాళ్ళ ఇబ్బందినీ కలిపి లెక్కేస్తే, ఇలా ఇంటింటికీ తిరగడం సగటున ఆ ఇళ్ళవాళ్ళకి నష్టమే మిగిల్చిందని వాళ్ళు తేల్చారు. వార్డులో పిల్లలకి ఆ మాట ఓదార్పు కాదని నాకు తెలుసు. కానీ మనం మళ్ళీ వెళ్ళాల్సింది ఆ ఇళ్ళకే. వచ్చే ఏడాదీ, ఆపై ఏడాదీ. అపరిచితుల దగ్గర ఒక్కసారి వసూలు చేసి మళ్ళీ కనిపించకుండా పోయే సంస్థకి ఒత్తిడి లాభమే కావచ్చు. మనలో చాలామందికి అడగడానికి ఉన్నది స్నేహితులు, సహోద్యోగులు, పక్కింటివాళ్ళు, పాత క్లాస్‌మేట్లు. వాళ్ళు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిస్తే మనకింకో జనం లేరు.

ఒత్తిడి ఎక్కడిదాకా పోతుందో బ్రిటన్‌లో 2015లో బయటపడింది. ఉత్తరాలతో, ఫోన్లతో వృద్ధులని అదేపనిగా అడుగుతున్నారని గొడవ చెలరేగింది, దాని మీద సమీక్ష జరిగింది, 2016లో విరాళాల సేకరణ మీద కొత్త నియంత్రణ సంస్థ వచ్చింది, 2017లో ఫలానా సంస్థ నన్నిక అడగవద్దు అని ఎవరైనా నమోదు చేసుకునే సేవ కూడా మొదలైంది. దానంతట అదే వచ్చి ఉండాల్సిన మర్యాద, చివరికి నిబంధనగా రాయాల్సి వచ్చింది.

అడగడం ప్రాక్టీసు చేయాలి

కాదనే వీలుంచడమంటే నసుగుతూ అడగమని కాదు. నిజానికి నసుగుడే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. "మీకు తోచినంత, మీ ఇష్టం, ఎంతైనా పర్లేదు" అంటే ఎదుటి మనిషికి ఎంతిస్తే తక్కువవుతుందో, ఎంతిస్తే ఎక్కువవుతుందో తెలియదు, ఆ లెక్క భారం కూడా వాళ్ళ మీదే పడుతుంది. నేను నేర్పేటప్పుడు చెప్పేది, పని పేరు చెప్పండి, మొత్తం చెప్పండి, దానితో ఏం వస్తుందో చెప్పండి. "ఒక విద్యార్థికి ఏడాది పుస్తకాలకి ఇంతవుతుంది. మీరు ఒకరి ఖర్చు పెట్టుకోగలరా? వీలుకాకపోతే నిస్సంకోచంగా చెప్పండి, నేనేమీ అనుకోను." అంతే. ఆ తర్వాత నోరు మూసుకోవాలి. ఆ నాలుగు క్షణాల నిశ్శబ్దం కొత్తవాళ్ళకి చాలా కష్టం, కంగారులో ఇంకో కారణం, ఇంకో కథ, ఇంకో ఫొటో చూపించేస్తారు. ఎదుటివాళ్ళు ఆలోచించుకుంటుంటే మనం మధ్యలో దూరకూడదు.

ఈ "వీలుకాకపోతే చెప్పండి" అన్న మాట డబ్బు రానివ్వదని భయపడేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. ఫ్రాన్స్‌లో నికోలా గెగెన్, అలెగ్జాండ్ర్ పాస్కల్ 2000లో ప్రచురించిన ప్రయోగంలో, దారిన పోయేవాళ్ళని బస్సు ఛార్జీకి చిల్లర అడిగారు. మామూలుగా అడిగితే 10 శాతం మంది ఇచ్చారు. "ఇవ్వడమా, మానడమా అనేది మీ ఇష్టం" అన్న మాట చేర్చి అడిగితే 47.5 శాతం మంది ఇచ్చారు. తర్వాత ఎన్నోచోట్ల ఇలాంటి ప్రయోగాలు చేశారు, 42 అధ్యయనాలని కలిపి చూసిన 2013 నాటి విశ్లేషణ కూడా ఈ మాట పనిచేస్తుందనే తేల్చింది, కాకపోతే నిర్ణయం అప్పటికప్పుడు తీసుకోనక్కర్లేనప్పుడు ప్రభావం తగ్గుతుందట. ఇది చదివి నాకు సంతోషమూ వేసింది, కాస్త భయమూ వేసింది. ఎందుకంటే రేపు ఎవరో ఈ మాటని కూడా ఒక ట్రిక్కులా వాడతారు, "మీ ఇష్టమండీ" అంటూనే కదలకుండా నిలబడతారు. మాట ఒక్కటే సరిపోదు, ఆ మనిషి కాదన్నప్పుడు మనం నిజంగా వెళ్ళిపోవాలి.

అలాగే "ఒక్క పైసా ఇచ్చినా సాయమే" అనే మాట. రాబర్ట్ చాల్దీని, డేవిడ్ ష్రోడర్ 1976లోనే దీన్ని పరీక్షించారు. ఆ మాట చేర్చినప్పుడు ఇచ్చేవాళ్ళు 28.6 శాతం నుంచి 50 శాతానికి పెరిగారు. నాకు దీని మీద ఇప్పటికీ రెండు మనసులు. చిన్న మొత్తం ఇవ్వడానికి సిగ్గుపడేవాళ్ళకి అది నిజంగా ధైర్యం చెప్పే మాట. కానీ డబ్బు లేదనే సాకుని కూడా అది లాగేసుకుంటుంది, పైసా కూడా లేదని ఎవరంటారు? అందుకే నేను దాన్ని పోస్టర్ మీద రాస్తాను, మనిషి మొహం చూస్తూ మాత్రం అనను.

మేం వాలంటీర్లని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి ప్రాక్టీసు చేయిస్తాం. ఒకరు అడగాలి, రెండోవాళ్ళు కాదనాలి. అందరూ అడగడం గురించి భయపడతారు గానీ, ఆ గదిలో ఎక్కువ కష్టపడేది కాదనేవాళ్ళే. ఆటే అని తెలిసినా "సారీ, ఈసారి కుదరదు" అనడానికి గుటకలు మింగుతారు. అది ఒకసారి అనుభవిస్తే చాలు, బయటికెళ్ళాక వాళ్ళు మనుషులని మూడుసార్లు కాదనిపించుకోరు. అడిగేవాళ్ళకి కూడా ఒకే జవాబు నేర్పిస్తాం: "అర్థమైందండీ, విన్నందుకు థాంక్స్. ఇంకెప్పుడైనా అడగొచ్చా, ఇక అడగవద్దంటారా?" ఆ జవాబుని అక్కడికక్కడే రాసుకోవాలి. ఇప్పుడు కాదు, ఎప్పటికీ వద్దు, డబ్బు కాదు గానీ పని చేస్తాను. ఈ మూడూ మూడు వేర్వేరు జవాబులు, మూడింటినీ "ఇవ్వలేదు" అనే ఒక్క గడిలో పడేస్తే మనకే నష్టం. మా లెక్కలు చూసే ఆవిడ మొదట అలా డబ్బు ఇవ్వలేనన్న మనిషే.

ఇక వాట్సాప్ గ్రూపుల గురించి రెండు ముక్కలు. అందరికీ పంపిన మెసేజ్ ఎవరినీ అడిగినట్టు కాదు. ఒక్కొక్కరికీ విడిగా, పేరు పెట్టి రాయండి. గుర్తుచేయడం ఒక్కసారే, అందులోనే "మళ్ళీ గుర్తుచేయను" అని రాయండి, రాసినట్టే ఆగండి. "ఈ రోజే ఇస్తే మీ డబ్బుకి మూడింతలు మరో దాత జతచేస్తారు" లాంటి కేకలు కూడా అక్కర్లేదు. డీన్ కార్లన్, జాన్ లిస్ట్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 50 వేల మందికి పైగా పాత దాతలకి ఉత్తరాలు పంపారు. ఇచ్చినంతకి సమానంగా మరొకరు జతచేస్తారంటే ఉత్తరానికి వచ్చిన డబ్బు 19 శాతం పెరిగింది, కానీ జతని రెండింతలకీ, మూడింతలకీ పెంచినా అంతకుమించి లాభం రాలేదు. జతచేసే దాత నిజంగా ఉంటే ఆ మాట నెమ్మదిగా చెప్పినా సరిపోతుంది, లేకపోతే అసలు చెప్పకూడదు.

పేర్లు ఎవరివి

అమెరికా జాతి నిర్మాతల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో ఒక సంఘటన రాశాడు. ఒక మత బోధకుడు ప్రార్థనా మందిరం కట్టడానికి సాయం చేయమని వచ్చాడు. ఫ్రాంక్లిన్ అతనికిచ్చిన సలహా విరాళాలు సేకరించేవాళ్ళందరికీ తెలుసు: తప్పకుండా ఇస్తారని తెలిసినవాళ్ళని ముందు అడుగు, ఇస్తారో లేదో తెలియనివాళ్ళ దగ్గరికి ఆ తర్వాత వెళ్ళు, ఇచ్చినవాళ్ళ జాబితా చూపించు, చివరికి ఇవ్వరని నమ్మకమున్నవాళ్ళని కూడా వదలకు, కొందరి విషయంలో నీ అంచనా తప్పు కావచ్చు. ఆ వరస సరైనదే. 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో లక్ష్యంలో 10 శాతం ముందే చేతిలో ఉందని చెప్పినప్పటికంటే, 67 శాతం ఉందని చెప్పినప్పుడు దాదాపు ఆరు రెట్లు వచ్చింది.

అయితే ఆ సలహాకి ముందు జరిగింది ఎవరూ చెప్పరు. ఆ బోధకుడు మొదట నువ్వే వచ్చి అడుగు అన్నాడు. మా ఊరివాళ్ళని మాటిమాటికీ అడిగి విసిగించలేనని ఫ్రాంక్లిన్ ఒప్పుకోలేదు. పోనీ ఉదారంగా ఇచ్చేవాళ్ళ పేర్లయినా ఇవ్వు అన్నాడు. నేనడిగితే మంచి మనసుతో ఇచ్చినవాళ్ళని ఇంకొకరు పీడించడానికి గుర్తుపెట్టి చూపించడం బాగుండదని దానికీ ఒప్పుకోలేదు. సలహా ఒక్కటే ఇచ్చాడు. ఒక సంస్థకి ఇచ్చిన ఫోన్ నంబరు ఇంకో సంస్థకి చేరిపోయే ఈ రోజుల్లో నాకు ఆ సలహా కంటే ఆ రెండు నిరాకరణలే ఎక్కువ పనికొచ్చాయి.

పేర్లు బయటపెట్టడం ఎప్పుడూ తప్పని అనను. 1885లో న్యూయార్క్‌లోని స్వేచ్ఛా ప్రతిమకి (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీకి) పీఠం కట్టడానికి డబ్బు చాలకపోతే, జోసెఫ్ పులిట్జర్ తన పత్రికలో ఎంత చిన్న మొత్తమిచ్చినా పేరు అచ్చువేస్తానని ప్రకటించాడు. లక్షమందికి పైగా ఇచ్చారు, చాలామంది ఒక్క డాలరు కంటే తక్కువే, మొత్తం లక్ష డాలర్లు దాటింది. తేడా ఏమిటంటే అక్కడ ఇవ్వనివాళ్ళ పేరు పక్కన ఖాళీ గడి లేదు. మా పెద్దాయన కాగితంలో ఉన్నది ఆ ఖాళీ గడే. అందుకే ఇచ్చినవాళ్ళ పేర్లు, వాళ్ళకిష్టమైతే, అంకెలు లేకుండా వేయండి. అందరి పేర్లూ ముందే రాసిన పట్టికని మాత్రం చేతికివ్వకండి.

ఫొటోలో ఉన్న మనిషి

కాదనే వీలు ఇచ్చేవాళ్ళకే కాదు, ఎవరి పేరు మీద అడుగుతున్నామో వాళ్ళకీ ఉండాలి. ఒక్క పిల్ల కథ చెబితే గణాంకాలు చెప్పినప్పటికంటే ఎక్కువ వస్తుందన్నది పరిశోధనల్లో తేలిన విషయమే. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ 2007లో చూపించారు, ఒక పేరూ మొహమూ ఉన్న పిల్లకి ఇచ్చింది, అంకెలు చదివి ఇచ్చినదానికి సుమారు రెట్టింపు. కాబట్టి అందరూ ఫొటోల వెంట పడతారు. కానీ సాయం అందుకుంటున్న తల్లిని "మీ పాప ఫొటో వాడుకోవచ్చా" అని సాయం చేసే మనిషే అడిగితే ఆమె కాదనగలదా? మందులిచ్చే చేతికి ఎదురు చెప్పడమంటే భయం ఉండదా? సాయం మొత్తం అందాక, సాయంతో సంబంధం లేని మరో మనిషి చేత అడిగించండి, పోస్టర్ ఎలా ఉంటుందో ముందే చూపించండి, తర్వాత మనసు మార్చుకుంటే తీసేస్తామని చెప్పండి, చెప్పినట్టు తీసేయండి. దీనివల్ల కొన్ని మంచి ఫొటోలు పోతాయి. పోనివ్వండి.

వాలంటీర్లకీ ఇదే. కొందరికి అడగడం అస్సలు రాదు, బలవంతంగా పంపిస్తే వాళ్ళు తమ సొంత డబ్బు వేసి టార్గెట్ పూర్తిచేస్తారు. అలా చేసినవాళ్ళని నేనెరుగుదును. వాళ్ళకి రసీదులు, ఫోన్లో ధన్యవాదాలు, ఖర్చుల లెక్క అప్పగించండి.

నెలనెలా ఇచ్చేవాళ్ళు

చివరగా, మా దగ్గర ఇంకా వాదన నడుస్తున్న విషయం ఒకటి. నెలనెలా ఖాతాలోంచి దానంతట అదే వచ్చే విరాళం ఏ సంస్థకైనా ప్రాణం, దాని మీదే జీతాలూ అద్దెలూ నడుస్తాయి. అందుకే చాలాచోట్ల మొదలుపెట్టడం ఒక్క నొక్కుతో అయిపోతుంది, ఆపాలంటే మాత్రం ఎవరికో ఫోన్ చేయాలి, ఎందుకని అడిగితే జవాబు చెప్పుకోవాలి. మేం ప్రతి నెలా పంపే మెసేజ్‌లో పోయిన నెల డబ్బు దేనికి ఖర్చయిందో నాలుగు వాక్యాలు రాసి, అనుకున్నట్టు జరగనివి కూడా రాసి, దాని కిందే "తగ్గించడానికి, ఆపడానికి" అని ఒక లింకు పెట్టాలని ప్రతిపాదించాను. మా కోశాధికారి గట్టిగా వద్దన్నారు. "గుర్తులేనివాళ్ళకి మనమే గుర్తుచేసి పంపించేస్తున్నట్టుంది మేడమ్" అన్నారు. ఆయన మాటలో నిజముంది, గుర్తులేకపోవడం మీద కూడా చాలా సంస్థలు నడుస్తున్నాయి. కానీ గుర్తులేని డబ్బుతో వచ్చే ఏడాది జీతాలు ఇస్తామని ఎవరికైనా మాటిస్తే, ఆ మాట ఎంతవరకు నిలబడుతుందని నేనడిగాను.

లింకు పెట్టాం. కొందరు ఆపేశారు, ఇంకొందరు ఆపే బదులు తగ్గించుకున్నారు, ఒకరిద్దరు పెంచారు కూడా. మొత్తం మీద మొదట్లో కాస్త తగ్గింది, ఆ తగ్గుదల మా బడ్జెట్లో కనిపిస్తూనే ఉంది, కోశాధికారి ప్రతి మీటింగులో దాన్ని ఎర్ర ఇంకుతో చూపిస్తూనే ఉన్నారు. ఆపినవాళ్ళకి ఒకే మెసేజ్ వెళ్తుంది, ఇన్నాళ్ళు ఇచ్చినందుకు ధన్యవాదాలు, మీ డబ్బుతో జరిగిన పనుల వివరం ఇది అని. ఎందుకు ఆపారని అడగం.